అసిస్టెంటు కలెక్టరు గారి చిన్నబ్బాయి

అలన్ ట్యూరింగ్ వాళ్ళ నాన్నకి తెలుగు వచ్చు.

ఈ మాట మా బెంచీలో చెప్తే ఎవరూ నమ్మలేదు. ఏదో రీల్ చూసి వచ్చానని నవ్వారు. మనకి ట్యూరింగ్ అంటే ఆటోమాటా థియరీలో చివరి యూనిట్. పొడుగాటి టేపు, దాని మీద గడులు, ఒక హెడ్డు, పక్కన ఒక ట్రాన్సిషన్ టేబుల్. బొమ్మ నీట్‌గా వేస్తే పద్నాలుగు మార్కుల్లో పది ఎక్కడికీ పోవు. ఆ మెషీన్ పేరు వెనక ఒక మనిషి ఉన్నాడని, ఆ మనిషి ఇంట్లో ఒకప్పుడు పార్వతీపురం, బెజవాడ, అనంతపురం పేర్లు మామూలుగా వినిపించేవని ఏ టెక్స్ట్‌బుక్కూ చెప్పదు.

జూలియస్ ట్యూరింగ్ 1896లో ఇండియన్ సివిల్ సర్వీస్‌లో చేరి మద్రాసు ప్రెసిడెన్సీకి వచ్చాడు. బళ్ళారి, కర్నూలు, విశాఖపట్నం జిల్లాల్లో పదేళ్ళు తిరిగాడు. పంటలు, కాలవలు, టీకాలు, ఊళ్ళ శుభ్రత మీద రిపోర్టులు రాయడం, లెక్కలు తనిఖీ చేయడం, కింది మేజిస్ట్రేట్ల పని చూడడం ఆయన ఉద్యోగం. ఆ పనిలో భాగంగానే తెలుగు నేర్చుకున్నాడు. 1906కి హెడ్ అసిస్టెంట్ కలెక్టర్ అయ్యాడు. మర్నాడు సంవత్సరం సెలవు మీద ఇంగ్లండు వెళ్తుంటే ఓడలో ఈథెల్ సారా స్టోనీ పరిచయమైంది. ఆవిడ పుట్టింది కోయంబత్తూరు దగ్గర పోదనూరులో. వాళ్ళ నాన్న ఎడ్వర్డ్ స్టోనీ మద్రాసు రైల్వేకి చీఫ్ ఇంజనీరు, తుంగభద్ర మీద రైలు వంతెన కట్టించినాయన. అంటే తల్లివైపు తాతగారు మనలాగే ఇంజనీరన్నమాట. 1907లో డబ్లిన్‌లో పెళ్ళయింది. 1908లో పెద్దబ్బాయి జాన్ కూనూరులో పుట్టాడు.

ఆ తర్వాత ట్రాన్స్‌ఫర్లు. పార్వతీపురం, విశాఖపట్నం, అనంతపురం, బెజవాడ, చీకాకోలు (ఇప్పటి శ్రీకాకుళం), కర్నూలు. చివరికి 1911 మార్చిలో ఛత్రపురం. ఇప్పుడది ఒడిశాలో ఉంది గానీ అప్పట్లో గంజాం జిల్లా మొత్తం మద్రాసు ప్రెసిడెన్సీదే. ఆ ఊళ్ళో ఉండగానే సారాకి రెండోసారి నెల తప్పింది.

ఇక్కడ నేనొక చిన్న డిడక్షన్ చేస్తాను. బెజవాడలో ఉన్న ఆఫీసరు కుటుంబం చీకాకోలు వైపు నేల మీద వెళ్ళాలంటే అప్పటికి ఉన్నది ఒక్కటే రైలు దారి. బెజవాడ నుంచి ఏలూరు, భీమడోలు, పూళ్ళ, తాడేపల్లిగూడెం, నిడదవోలు, గోదావరి వంతెన. రైలు వద్దనుకుంటే ఏలూరు కాలవలో పడవ, అదీ ఏలూరు మీదుగానే. ఎలా వెళ్ళినా సామాను పెట్టెలతో, మూడేళ్ళు నిండని జాన్‌తో ఆ దంపతులు మన ఊళ్ళ పక్క నుంచే వెళ్ళి ఉండాలి. నేను రోజూ పొద్దున్న ఏలూరులో ప్యాసింజర్ ఎక్కి గూడెంలో దిగే దారి అదే. స్టేటస్ పెట్టుకునేంత పెద్ద విషయం కాదు. కానీ ఆ రోజు నుంచి భీమడోలు దాటుతుంటే కిటికీలోంచి చూడడం అలవాటైంది.

1912 జూన్ 23న లండన్‌లో అలన్ పుట్టాడు. తండ్రి ముందుగా ఇండియాకి తిరిగొచ్చేశాడు. తల్లి పసివాణ్ణి వెంట తీసుకురావాలనే అనుకుంది. కానీ అలన్ ఎముకలు కొంచెం బలహీనంగా ఉన్నాయి, ఈ ఎండలు పడవన్నారు. 1913 సెప్టెంబరులో, అంటే పిల్లాడికి పదిహేను నెలల వయసులో, అన్నదమ్ములిద్దర్నీ ఇంగ్లండు సముద్రతీరంలో సెయింట్ లెనార్డ్స్ అనే ఊళ్ళో ఒక రిటైర్డ్ కల్నల్ ఇంట్లో వదిలి ఆవిడ ఓడెక్కింది. అప్పట్లో ఇండియాలో పనిచేసే ఇంగ్లీషు వాళ్ళందరూ చేసిన పనే ఇది. మనలో ఇంటర్ రెండేళ్ళూ హాస్టల్లో గడిపిన వాళ్ళకి నెలకోసారి అమ్మానాన్న వస్తే ఎలా ఉంటుందో తెలుసు. అతనికి ఏళ్ళకోసారి. తెలుగు నేల మీద పెరగడం, ఆ భాష చెవిన పడడం అన్నీ అలా తప్పిపోయాయి.

మూడు వారాల్లో తనంతట తనే చదవడం నేర్చుకున్నాడట. చేతిరాత మాత్రం ఘోరం. పదేళ్ళప్పుడు ఎవరో ఇచ్చిన పిల్లల సైన్స్ పుస్తకం అతన్ని పట్టేసింది. శరీరం కూడా ఒక యంత్రంలా పనిచేస్తుందని అందులో రాసి ఉంది. ఈ ఆలోచనని జీవితమంతా మోశాడు.

1926లో షెర్బోర్న్ స్కూల్లో చేరాల్సిన మొదటి రోజున దేశమంతా సమ్మె, రైళ్ళు లేవు. పద్నాలుగేళ్ళు నిండని పిల్లాడు సైకిలెక్కి, మధ్యలో ఒక రాత్రి సత్రంలో ఆగి, సుమారు 60 మైళ్ళు తొక్కుకుంటూ స్కూలుకి చేరాడు. ఇంత చేసి వచ్చిన వాణ్ణి ఆ స్కూలు పెద్దగా మెచ్చుకోలేదు. అక్కడ లాటిన్, గ్రీకుకే గౌరవం. సైన్స్ ఒక్కటే కావాలంటే ఇక్కడ చదివి టైమ్ వృథా అనే అర్థం వచ్చేలా హెడ్మాస్టరు ఇంటికి లెటర్ రాశాడు. ర్యాంకు ఒక్కటే తెలివి అని నమ్మే వాళ్ళు ఏ దేశంలోనైనా ఉంటారు, అక్కడ సబ్జెక్టు మారిందంతే.

అక్కడే క్రిస్టఫర్ మార్కమ్ పరిచయమయ్యాడు. ఒక ఏడాది పైక్లాసు. ఇద్దరూ లెక్కల గురించి, నక్షత్రాల గురించి గంటలు గంటలు మాట్లాడుకునేవాళ్ళు. ట్యూరింగ్‌కి అది స్నేహం కంటే ఎక్కువ, ప్రేమే. క్రిస్టఫర్ పక్కన నిలబడగలగాలనే తన నోట్సు శుభ్రంగా రాయడం మొదలుపెట్టాడు. 1930 ఫిబ్రవరి 13న క్రిస్టఫర్ క్షయతో చనిపోయాడు. చిన్నప్పుడు తాగిన పచ్చి ఆవుపాల వల్ల వచ్చిన జబ్బు. ట్యూరింగ్‌కి అప్పటికి పదిహేడేళ్ళు. ఆ తర్వాత చాలా కాలం క్రిస్టఫర్ తల్లికి ఉత్తరాలు రాస్తూ, వాళ్ళింటికి వెళ్తూ ఉన్నాడు. శరీరం పోయాక మనసు ఎక్కడికి పోతుంది, అసలు మనసుకి శరీరంతో లింకేంటి అని ఆవిడకి ఒక వ్యాసమే రాసి ఇచ్చాడు. యంత్రం ఆలోచించగలదా అన్న 1950 నాటి పేపర్‌ని మనం ఏఐ చరిత్రలో మొదటి పేజీగా చదువుకుంటాం. నాకైతే దాని వేరు ఈ పదిహేడేళ్ళ పిల్లాడి బాధలో ఉందనిపిస్తుంది.

1931లో కేంబ్రిడ్జ్ కింగ్స్ కాలేజీ. 1935లో, ఇరవై రెండేళ్ళకే అక్కడ ఫెలో. అదే సంవత్సరం మాక్స్ న్యూమన్ చెప్పిన ఒక కోర్సుకి వెళ్ళి కూర్చున్నాడు. గణితానికి పునాదులేంటి అన్నది దాని విషయం. ఇది మన సబ్జెక్టుకే మలుపు కాబట్టి కొంచెం నిలబడి చూడాలి.

హిల్బర్ట్ అనే జర్మన్ మహానుభావుడు మూడు ప్రశ్నలు లేవనెత్తాడు. గణితంలో ప్రతి నిజానికీ రుజువు ఉంటుందా? రుజువుల్లో ఎప్పుడూ వైరుధ్యం రాదని గ్యారంటీ ఇవ్వగలమా? ఏ స్టేట్‌మెంట్ ఇచ్చినా దానికి రుజువు ఉందో లేదో తేల్చి చెప్పే ఒక యాంత్రిక పద్ధతి ఉందా? మొదటి రెండింటి మీద 1931లోనే గోడెల్ దెబ్బ కొట్టాడు. మూడోది మిగిలింది. న్యూమన్ క్లాసులో ఆ యాంత్రికం అన్న మాట ట్యూరింగ్ చెవిలో పడింది. అందరూ దాన్ని ఒక ఉపమానంలా విన్నారు. ఇతను నిజంగా యంత్రం అనే తీసుకున్నాడు. 1935 వేసవిలో కేంబ్రిడ్జ్ పక్కన గ్రాంట్‌చెస్టర్ పచ్చికబయల్లో, పరుగెత్తి పరుగెత్తి పడుకున్నప్పుడు ఆలోచన తట్టిందని తర్వాత చెప్పుకున్నాడు.

అప్పట్లో కంప్యూటర్ అంటే లెక్కలు వేసే మనిషి. గళ్ళ కాగితం ముందు కూర్చున్న గుమాస్తా. మన కరణం గారినే ఊహించుకోండి. ఆయన ఒకసారికి ఒక గడి చూస్తాడు. మనసులో ఏ దశలో ఉన్నాడో గుర్తుంటుంది. ఆ రెండింటిని బట్టి ఏదో ఒకటి రాస్తాడు లేదా చెరిపేస్తాడు, పక్క గడికి వెళ్తాడు, మనసులో దశ మారుతుంది. ఎంత పెద్ద లెక్కైనా విడగొడితే చివరికి ఈ చిన్న పనులే మిగులుతాయి. ట్యూరింగ్ మెషీన్ అంటే కరణం గారి లోంచి మనిషిని తీసేసి పద్ధతిని మాత్రం ఉంచడం. వాళ్ళ నాన్న ఏళ్ళ తరబడి తాలూకాల్లో తనిఖీ చేసింది ఇలాంటి లెక్కల పుస్తకాలనే. దీనికీ దానికీ సంబంధం ఉందని నేను అనను, నాకు మాత్రం ఆ పోలిక వదలదు.

తర్వాతి అడుగు ఇంకా పెద్దది. ఒక్కో లెక్కకి ఒక్కో యంత్రం అక్కర్లేదు. ఏ యంత్రం వర్ణననైనా టేపు మీద రాసి ఇస్తే, అది చదివి ఆ యంత్రంలాగే పనిచేసే ఒకే ఒక్క యంత్రం చాలు. మన ఫోన్‌లో వాట్సాప్, కెమెరా, గేమ్ అన్నీ ఒకే చిప్ మీద నడవడానికి మూలం ఈ మాటే. 1936లో అలాంటి వస్తువు ప్రపంచంలో ఎక్కడా లేదు.

ఇక అసలు దెబ్బ. ఏ ప్రోగ్రామ్ ఇచ్చినా, అది ఆగుతుందో లేక ఇన్ఫినిట్ లూప్‌లో పడుతుందో ముందే చెప్పేసే ఒక ప్రోగ్రామ్ ఉందనుకుందాం. దానికి జోస్యుడు అని పేరు పెడదాం. ఇప్పుడు నేను తిక్కది అని ఇంకో ప్రోగ్రామ్ రాస్తాను. దానికి ఒక ప్రోగ్రామ్ కోడ్ ఇస్తే, ఆ ప్రోగ్రామ్‌కి దాని కోడే ఇన్‌పుట్‌గా ఇచ్చినప్పుడు ఆగుతుందా అని తిక్కది జోస్యుణ్ణి అడుగుతుంది. ఆగుతుందంటే తిక్కది కావాలని లూప్‌లోకి పోతుంది. ఆగదంటే వెంటనే ఆగిపోతుంది. మరి తిక్కదానికి తిక్కదాని కోడే ఇస్తే? ఆగితే ఆగకూడదు, ఆగకపోతే ఆగాలి. కాబట్టి జోస్యుడు లేడు. ఈరోజు లేడని కాదు, ఎన్ని జీపీయూలు కొన్నా ఎప్పటికీ ఉండడు. హాల్టింగ్ ప్రాబ్లమ్ అన్న పేరు తర్వాతి వాళ్ళు పెట్టారు, పేపర్లో అతను వాడిన రూపం కొంచెం వేరు, కానీ సారం ఇదే. హిల్బర్ట్ మూడో ప్రశ్నకి కూడా జవాబు లేదు అని తేలింది. ల్యాబ్‌లో మన కోడ్ హ్యాంగ్ అయినప్పుడు కంపైలర్ ముందే ఎందుకు చెప్పలేదని తిట్టుకుంటాం కదా, అన్ని కోడ్‌లకీ చెప్పగల కంపైలర్ రాయడం కుదరదని ఒక ఇరవై మూడేళ్ళ వాడు కంప్యూటర్ పుట్టక ముందే నిరూపించేశాడు.

పేపర్ న్యూమన్ చేతికిచ్చిన రోజుల్లోనే అమెరికా నుంచి ఇంకో పేపర్ వచ్చింది. ప్రిన్స్‌టన్‌లో అలొంజో చర్చ్ లాంబ్డా కాలిక్యులస్ అనే వేరే దారిలో అదే ఫలితం అప్పటికే ప్రింట్ చేసేశాడు. ఎంత ఉసూరుమనిపించి ఉంటుందో ఊహించండి. కేంబ్రిడ్జ్‌లో ఈ విషయం మీద మాట్లాడ్డానికి ట్యూరింగ్‌కి న్యూమన్ తప్ప ఇంకో మనిషి లేడు. అట్లాంటిక్ అవతల ఒక గుంపు మొత్తం ఇదే పనిలో ఉందని తెలీదు. యంత్రం అనే దారి కొత్తది కాబట్టి పేపర్ బతికింది. రెండు దారులూ ఒకటేనని చూపిస్తూ చివర్లో అనుబంధం చేర్చి, 1936 సెప్టెంబరులో ఆ గుంపు దగ్గరికే బయల్దేరాడు.

లాజిక్, కంప్యుటేషన్ మీద యువ పరిశోధకులకి రెసిడెన్షియల్ స్కూళ్ళు ఎందుకు పెడతారో నాకు ఇక్కడ అర్థమైంది. మన దేశంలో ఇండియన్ స్కూల్ ఆన్ లాజిక్ అండ్ ఇట్స్ అప్లికేషన్స్ అని ఒకటి ఉంది. 2006లో ఐఐటీ బొంబాయిలో, 2008లో ఐఐటీ కాన్పూర్‌లో జరిగి, 2010 జనవరిలో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి వచ్చింది. అదే సంవత్సరం ఆగస్టులో ప్రపంచ గణిత మహాసభ కూడా హైదరాబాద్‌లోనే జరిగింది. దేశం మొత్తం మీద లాజిక్ చేసేవాళ్ళు ఒక్కో కాలేజీలో ఒకరో ఇద్దరో ఉంటారు, కొన్ని చోట్ల అసలు ఉండరు. వాళ్ళందర్నీ ఒక చోట చేర్చి, పొద్దున్న పాఠం, మధ్యాహ్నం మెస్‌లో అదే గొడవ, రాత్రి బోర్డు ముందు అదే గొడవ. గూగుల్‌లో దొరకనిది ఆ మెస్ టేబుల్ దగ్గర దొరుకుతుంది. మన గూడెంలో నిట్ కూడా ఉంది, అలాంటి స్కూలు ఒకటి ఈ కాలవ గట్టున ఎప్పుడు జరుగుతుందా అని నాకు ఆశ.

ట్యూరింగ్‌కి ప్రిన్స్‌టన్ గ్రాడ్యుయేట్ కాలేజీ హాస్టలే ఆ స్కూలు. తీరా వెళ్ళేసరికి అంత సందడేం లేదు. గోడెల్ అప్పటికే యూరప్ వెళ్ళిపోయాడు, చర్చ్ శిష్యులు క్లీనీ, రాసర్ కూడా ఉద్యోగాలకి పోయారు. డిసెంబరులో తన పేపర్ మీద మాట్లాడితే వినడానికి పట్టుమని కొందరు కూడా రాలేదు. పేపర్ అచ్చయ్యాక కాపీ పంపమని అడిగింది ఇద్దరే ఇద్దరు. మన మినీ ప్రాజెక్టు గిట్‌హబ్‌లో పెట్టి రెండు స్టార్లు చూసుకుని ఏడ్చేవాళ్ళు దీన్ని గుర్తుపెట్టుకోవచ్చు. అయినా రెండేళ్ళుండి, చర్చ్ దగ్గర 1938లో పీహెచ్‌డీ పూర్తి చేశాడు. ఖాళీ టైమ్‌లో ఫిజిక్స్ వాళ్ళ వర్క్‌షాప్‌లోకి దూరి రిలేలు తనే చుట్టుకుని బైనరీలో గుణకారం చేసే ఒక పరికరం కట్టాడు. వాన్ నాయ్‌మన్ సంవత్సరానికి 1,500 డాలర్ల ఉద్యోగం ఇస్తానన్నా ఒప్పుకోకుండా ఇంగ్లండు వచ్చేశాడు.

యుద్ధం కథ సినిమాలో చాలామంది చూశారు, అందుకే వేగంగా వెళ్తాను. సినిమా మాత్రం చాలా కల్పించింది. ఎనిగ్మాని ట్యూరింగ్ ఒక్కడే ఛేదించలేదు. ముందు దారి వేసింది పోలండ్ గణితవేత్తలు రెయెవ్‌స్కీ, రుజిట్స్కీ, జిగాల్స్కీ. యుద్ధానికి కొన్ని వారాల ముందు, 1939 జులైలో వాళ్ళ పని మొత్తం బ్రిటిష్ వాళ్ళకి అప్పగించారు. జర్మన్ సైన్యం ఎనిగ్మాని పెట్టగల రకాలు సుమారు 15.9 లక్షల కోట్ల కోట్లు. ఒక్కొక్కటీ చూసుకుంటూ పోతే లోకం అయిపోతుంది. ట్యూరింగ్ బాంబ్ అనే యంత్రం ఏం చేసిందంటే, సందేశంలో ఫలానా మాట ఉండి ఉంటుందని ఊహించి, ఒక సెట్టింగ్ నిజమనుకుని కరెంటు పంపుతుంది. ఎక్కడైనా ఒక అక్షరం రెండు అక్షరాలకి సమానమని వస్తే వైరుధ్యం, ఆ సెట్టింగ్‌తో పాటు దానికి అంటుకున్నవన్నీ ఒకేసారి చెత్తబుట్టలోకి. తిక్కదానితో చేసిన పనే ఇదీ, తప్పనుకుని చూసి వైరుధ్యం తేవడం. మొదటి బాంబ్ 1940 మార్చిలో పని మొదలుపెట్టింది. గోర్డన్ వెల్చ్‌మన్ చేసిన మార్పుతో అది ఎన్నో రెట్లు వేగం పుంజుకుంది. యుద్ధం ముగిసేనాటికి రెండు వందలకు పైగా బాంబ్‌లు, వాటిని రాత్రీ పగలూ నడిపింది నౌకాదళపు అమ్మాయిలు.

అక్కడి ట్యూరింగ్ గురించి సరదా కబుర్లు బోలెడు. పుప్పొడి పడక గ్యాస్ మాస్కు పెట్టుకుని సైకిల్ తొక్కేవాడు. టీ కప్పు ఎవరూ ఎత్తుకుపోకుండా రేడియేటర్‌కి గొలుసు వేశాడు. జర్మన్లు గెలిస్తే బ్యాంకులు ఉండవని వెండి కడ్డీలు కొని పాతిపెట్టి, తర్వాత మెటల్ డిటెక్టర్ తయారుచేసుకుని మరీ వెతికినా దొరకలేదు. దేశం గుట్టు విప్పినవాడు తన గుంత కనుక్కోలేకపోయాడు. తోటి గణితవేత్త జోన్ క్లార్క్‌తో 1941లో పెళ్ళి కుదిరింది. తను ఎలాంటివాడో ఆవిడకి దాచకుండా చెప్పాడు. ఆవిడ పర్వాలేదంది. కానీ అలా చేయడం న్యాయం కాదని కొన్ని నెలలకి తనే విరమించుకున్నాడు.

యుద్ధం తర్వాత నేషనల్ ఫిజికల్ లాబొరేటరీలో ఏస్ అనే కంప్యూటర్ డిజైన్ చేశాడు. కట్టడం ఆలస్యమవుతుంటే విసుగు పుట్టి పరుగు మీద పడ్డాడు. 1947లో మారథాన్ 2 గంటల 46 నిమిషాల్లో పూర్తి చేశాడు. అదే ఏడాది తండ్రి పోయాడు. 1948లో మాంచెస్టర్ వెళ్ళాడు. పెద్ద ప్రోగ్రామ్ కరెక్టో కాదో గణితంలా ఎలా నిరూపించాలో 1949లో ఒక చిన్న పేపర్ చదివాడు. ఈరోజు ప్రోగ్రామ్ వెరిఫికేషన్ అని మనం పిలిచే సబ్జెక్టులో అది తొలి అడుగుల్లో ఒకటి.

నాకు అన్నింటికంటే ఇష్టమైనది 1952 పేపర్. కంప్యూటర్‌కి సంబంధించింది కాదు. జీవుల మీద చారలు, మచ్చలు ఎలా వస్తాయి అన్నది. నీళ్ళలో సిరా చుక్క వేస్తే పాకి సమానమైపోతుంది, గీతలు పడవు. కానీ రెండు రసాయనాలు ఒకదాన్నొకటి పెంచుతూ తగ్గిస్తూ, వేర్వేరు వేగాలతో పాకితే, సమానంగా ఉన్నది కాస్తా చెదిరి తనంతట తనే మచ్చలుగా, చారలుగా విడిపోగలదని అతను సమీకరణాలతో చూపించాడు. ఎవరూ కూర్చుని గీయక్కర్లేదు. 1995లో జపాన్ శాస్త్రవేత్తలు కోండో, అసాయ్ ఒక సముద్రపు చేప పెరుగుతున్నప్పుడు దాని చారలు కదిలే తీరు ఈ లెక్కకి సరిపోతోందని చూపించారు. మా అమ్మమ్మ వాళ్ళది కైకలూరు వైపు కొల్లేటి ఊరు. అక్కడ చిన్నప్పటి నుంచీ కొర్రమీను పక్కల మీద ఆ వంకర పట్టీలు చూస్తూనే ఉన్నాను. కూరకి కోసే ముందు ఒకసారి పట్టుకుని చూస్తే, రెండు వైపులా పట్టీలు అచ్చంగా ఒకేలా ఉండవు. ఇప్పుడు అమ్మమ్మ కత్తిపీట దగ్గర నేను చేపని తిప్పి తిప్పి చూస్తుంటే ఆవిడకి విసుగు.

ఈ తర్వాతి భాగం తీసేసి, గొప్పవాడు అని ముగించెయ్యమని డ్రాఫ్ట్ చూసిన ఒక సీనియర్ సలహా ఇచ్చారు. కాలేజీ మ్యాగజైన్ కదా, ఎందుకు గొడవ అని. నేను తీయలేదు. ఇది తీసేస్తే మిగిలేది అయిదో యూనిట్టే.

1952 జనవరిలో ట్యూరింగ్ ఇంట్లో దొంగతనం జరిగింది. పోలీసులకి తనే చెప్పాడు. విచారణలో ఒక యువకుడితో తనకున్న సంబంధం గురించి అడిగితే దాచలేదు. తప్పు చేశానని అతను అనుకోలేదు. అప్పటి ఇంగ్లండులో ఇద్దరు మగవాళ్ళు ఇష్టపడి కలిసినా 1885 నాటి చట్టం ప్రకారం నేరం. మార్చి 31న శిక్ష పడింది. జైలా, లేక ఏడాది పాటు హార్మోన్ ఇంజెక్షన్లా అన్నారు. ఇంజెక్షన్లు ఎంచుకున్నాడు. ఆడవాళ్ళ హార్మోన్ ఎక్కించి కోరికని చంపాలన్నది ఉద్దేశం. శరీరం మారిపోయింది. మారథాన్ పరుగెత్తిన శరీరం అది. రహస్య పనులకి ఇక పనికిరాడని ప్రభుత్వం పక్కన పెట్టింది. కోర్టులో అతను యుద్ధంలో చేసినదేంటో చెప్పే వీలు ఎవరికీ లేదు, అది రహస్యం కాబట్టి.

మన దగ్గర ఇదే రకం నేరాన్ని రాసింది 1860 నాటి ఇండియన్ పీనల్ కోడ్, 377వ సెక్షన్. రాసింది బ్రిటిష్ వాళ్ళే. కర్నూలులో, పార్వతీపురంలో జూలియస్ ట్యూరింగ్ పర్యవేక్షించిన మేజిస్ట్రేట్ల బల్ల మీద ఉన్న పుస్తకం అదే. పెద్దవాళ్ళు ఇష్టపడి కలిస్తే నేరం కాదని మన సుప్రీంకోర్టు చెప్పింది 2018 సెప్టెంబరు 6న. నేను అప్పుడు హైస్కూల్లో ఉన్నాను. అంటే ఇది తాతల కాలం ముచ్చట కాదు. ఇప్పటికీ హాస్టల్లో ఎవణ్ణయినా ఏడిపించాలంటే ముందు వచ్చే జోకు ఏదో మనందరికీ తెలుసు. ఆ జోకు వేసే గదిలోనే రేపు పరీక్షకి ట్యూరింగ్ మెషీన్ బట్టీ పడతాం.

1954 జూన్ 7న, నలభై రెండో పుట్టినరోజుకి రెండు వారాల ముందు, ట్యూరింగ్ సైనైడ్ వల్ల చనిపోయాడు. మర్నాడు ఇంటిపని చేసే ఆవిడ చూసింది. మంచం పక్కన సగం కొరికిన ఆపిల్ ఉంది. ఆ ఆపిల్‌ని పరీక్షించనే లేదు. ఆత్మహత్య అని విచారణలో తేల్చారు. తల్లి చివరి దాకా ఒప్పుకోలేదు, ఇంట్లో రసాయనాలతో ప్రయోగాలు చేసే అలవాటు వల్ల ప్రమాదం జరిగిందనే నమ్మింది. ఆపిల్ కంపెనీ లోగో దీని గురించే అన్న ఫార్వర్డ్ మెసేజ్ మాత్రం నమ్మకండి, లోగో వేసిన డిజైనరే కాదన్నాడు.

1966 నుంచి అతని పేరు మీద ట్యూరింగ్ అవార్డు ఇస్తున్నారు. 1994లో అది అందుకున్న ఇద్దరిలో ఒకరు శ్రీకాళహస్తి వైపు కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి గారు, పెద్ద ఏఐ వ్యవస్థలు రూపొందించిన పనికి. 2009లో బ్రిటన్ ప్రధాని క్షమాపణ చెప్పాడు. 2013 డిసెంబరు 24న రాణి క్షమాభిక్ష ఇచ్చింది. ఈ రెండో మాట నాకు ఎక్కదు, ఇక్కడ క్షమించాల్సింది ఎవర్ని? 2017లో అదే చట్టం కింద శిక్ష పడ్డ వేలమందికి కూడా అది వర్తించేలా చేశారు. 2021లో అతని పుట్టినరోజున యాభై పౌండ్ల నోటు మీద బొమ్మ వచ్చింది.

సారా ట్యూరింగ్ 1959లో కొడుకు జీవితచరిత్ర రాసింది. యుద్ధంలో అతనేం చేశాడో చెప్పకూడదు కాబట్టి ఆ భాగం దాదాపు ఖాళీ. కోర్టు కేసు ఊసు లేదు. ఆ రహస్యాలు బయటి లోకానికి తెలియడం 1974లో మొదలైంది. ఆవిడ 1976లో, తొంభై నాలుగేళ్ళ వయసులో పోయింది. ఆ పుస్తకాన్ని శతజయంతి సందర్భంగా 2012లో కేంబ్రిడ్జ్ యూనివర్సిటీ ప్రెస్ మళ్ళీ అచ్చు వేసింది. ఈసారి చివర్లో, కూనూరులో పుట్టి బెజవాడ చూసి వెళ్ళిన అన్న జాన్ తన తమ్ముడి గురించి రాసి పెట్టుకున్న వ్యాసం కూడా చేర్చారు. తల్లి వదిలేసిన విషయాలు అందులో ఉన్నాయి.